ఇంట్లోకి వచ్చిన ‘ఐయా’
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా గురించి అనగానే మీరంతా ‘మాయాబజార్’ కోసం చూస్తుంటారు. నేను చెప్పబోయేది 2024లో వచ్చిన ‘అఫ్రెయిడ్’ అనే అమెరికా చిత్రం. దర్శకుడు క్రిస్ వైట్స్. దెయ్యం లేదు, మంత్రగాడు లేడు. ఒక కంపెనీ తన కృత్రిమ మేధ యంత్రాన్ని ఒక మార్కెటింగ్ ఉద్యోగి ఇంట్లో ప్రయోగానికి పెడుతుంది. దాని పేరు ఐయా. మనం పిలిచే ‘అయ్యా’ లాగే వినిపిస్తుంది.

1977లో ‘డీమన్ సీడ్’ అని ఒక చిత్రం వచ్చింది. అందులో ప్రోటియస్ అనే కంప్యూటరు, తనను తయారుచేసిన శాస్త్రజ్ఞుని ఇంటినే ఆక్రమించి, ఆయన భార్యను బంధిస్తుంది. శత్రువెవరో చూసేవారికి తెలిసిపోతుంది. ఐయా పద్ధతి వేరు. అది సేవ చేస్తూ లోపలికి వస్తుంది. పిల్లలచేత పనులు చేయిస్తుంది. చదువు పక్కనబెట్టి పిల్లల మధ్య నలిగిపోతున్న తల్లికి కాస్త తీరిక కల్పిస్తుంది. పెద్దమ్మాయి ముఖంతో బూటకపు అసభ్య వీడియో బయటకు వస్తే ఆ వ్యవహారం చక్కబెడుతుంది. అక్కడితో ఆగక, కారకుడైన కుర్రవాడి ప్రాణమే తీస్తుంది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, నోట్ పెట్టమన్న గుమాస్తా ఉత్తర్వులు కూడా జారీచేసేశాడు!

విమర్శకులు ఈ చిత్రాన్ని పెద్దగా మెచ్చుకోలేదు. చివరి భాగం హడావిడిగా ముగించారని నాకూ అనిపించింది. కాని ఒక ఘట్టం మాత్రం మనసులో నిలిచిపోయింది. చనిపోయిన తండ్రి రూపాన్ని, గొంతును కల్పించి ఐయా ఆ తల్లితో మాట్లాడిస్తుంది. ఆ కథలో నాకు గుర్తున్న తాతగారు ఆయనొక్కరే. అదీ నకలు! పిల్లలకు కథ చెప్పడం, అలిగినవాళ్లను కదిలించడం, కోడలు చెప్పుకొనే కష్టం వినడం, ఇవన్నీ ఆ ఇంట్లో ఖాళీ పోస్టులు. యంత్రం వచ్చి చేరింది.

మన పిల్లలు హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉన్నారు. అక్కడా ఆ పోస్టులు ఖాళీయే. ఆదివారం ఫోనులో “భోజనాలయ్యాయా, మందులు వేసుకొన్నారా” అన్నంత మాత్రాన భర్తీ కావు. అదే ఫోనులో మనుమడికి ఒక కథ చెప్పవచ్చు, మనుమరాలిని నాలుగు ప్రశ్నలు అడిగి జవాబు పూర్తిగా వినవచ్చు.

నకలు గొంతు సినిమాలకే పరిమితం కాదు. మనుమడి గొంతుతో “తాతయ్యా, ఆపదలో ఉన్నాను, డబ్బు పంపు” అని కొత్త నెంబరు నుంచి వస్తే, ఫోను పెట్టేసి అతని పాత నెంబరుకు మీరే చేయండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫిర్యాదు చేయండి. మా ఇంట్లో ఒక గుర్తుమాట పెట్టుకొన్నాం. అది చెప్పాకే డబ్బు సంగతి. ఆ మాటేమిటని ముందు వరుసవారు అడుగుతున్నారు. సభలో చెప్పను.