రేవు పడవ, సరదా పడవ



రాజమండ్రిలో పెరిగిన మనకు పడవంటే రేవు దాటడానికే. గోదాట్లో దిగితే ఇంట్లో వీపు విమానం మోతే! మా నాన్న మంచి ఈతగాడు; నాకు మాత్రం నేర్పలేదు, భయం.

ఉద్యోగానికి వాషింగ్టన్ వెళ్లాక, పొటోమాక్ ఒడ్డున వాషింగ్టన్ కెనూ క్లబ్బు చూశాను. సరదాకి పడవ నడుపుకునేవాళ్లు 1904లో పెట్టుకున్నది. కెనూ అంటే సన్నటి పడవ; పందెంలో ఒక మోకాలి మీద నిలిచి ఒకవైపే తెడ్డు వేస్తారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ క్లబ్బువాళ్లు ప్రదర్శన పందేల్లో పాల్గొన్నారు. 1936లో కెనూ అసలు పోటీల్లో చేరింది.

పారిస్ వెళ్లవలసిన బిల్ హేవెన్స్, భార్యకు నెలలు నిండాయని ఆగిపోయాడు. అప్పుడు పుట్టిన ఫ్రాంక్ 1952లో హెల్సింకిలో 10,000 మీటర్ల కెనూ పందెం గెలిచి బంగారు పతకం తెచ్చాడు. ఈ సంగతి తెలిసిన రోజు నాన్న బాగా గుర్తొచ్చారు.

యాభై రెండేళ్లకు నేనూ లైఫ్ జాకెట్ తొడుక్కుని తెడ్డు పట్టాను. రెండుసార్లు బోల్తా పడ్డాను, నవ్వకండి.

మన సంఘానికి ఒక్క మనవి. ఇప్పటి పిల్లలకు ఈత నేర్పిద్దాం. మొదటి ఏడాది ఖర్చు నాది.