పత్తిపూల నుంచి బిళ్ళగన్నేరు దాకా



ఆచార్య టి. ఆర్. శేషాద్రి 1933లో వాల్తేరు చేరి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్ర శాఖను నిలబెట్టారు. అంతకుముందు మాంచెస్టర్‌లో ఆయన గురువు రాబర్ట్ రాబిన్సన్. ఆల్కలాయిడ్ల మీద కృషికి 1947లో నోబెల్ అందుకున్న మహానుభావుడు. ఉమ్మెత్తలోని అట్రోపిన్‌కు ఆధారమైన ట్రోపినోన్‌ను 1917లో మూడు చిన్న పదార్థాలు నీళ్ళలో కలిపి, ఒక్క అంచెలో తయారుచేశారాయన. మొక్క కూడా ఇలాగే చేస్తుందేమోనన్నది ఆయన ఊహ.

శేషాద్రిగారి పని ఎక్కువగా సాగింది ఆల్కలాయిడ్ల మీద కాదు, పూలకు పసుపురంగునిచ్చే ఫ్లేవనాయిడ్ల మీద. అయినా గురువుగారి ఊహే ఆయనకు దారి చూపిందని నా నమ్మకం. ఖరీదైన పరికరాలు లేని రోజులవి. పత్తిపూల రేకులు ఆరబెట్టి, ఆల్కహాలులో మరిగించి, సీసపు లవణంతో రంగును అవక్షేపంగా దించి, మళ్ళీ విడదీసి, పసుపు స్ఫటికాలు కట్టేదాకా కాచుకోవాలి. అలా దొరికే గాసిపెటిన్‌ను క్షారంలో వేస్తే గాలి తగిలి ఆకుపచ్చకు, నీలానికి మారుతుంది. ఆ రంగుల మార్పును బట్టే అణువులో హైడ్రాక్సిల్ ఎక్కడుందో పసిగట్టేవారు. మనం పులుసులో, పచ్చట్లో వేసుకునే గోంగూరనూ వదల్లేదు. ఎర్ర గోంగూర పూల నుంచి హైబిసిట్రిన్ అనే కొత్త పదార్థం 1942లో బయటపడింది. ఆ ఏడాదే విశాఖపై బాంబులు పడి విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలివెళ్ళింది. పూల మీద పని మాత్రం ఆగలేదు.

తర్వాతి అడుగు నాకు అన్నిటికన్నా ఇష్టం. ఉల్లిపొట్టులో దొరికే క్వెర్సెటిన్ కోవ పదార్థాలకు క్షార ద్రావణంలో పెర్సల్ఫేట్ కలిపి, ఎనిమిదో స్థానంలో మరో హైడ్రాక్సిల్ చేర్చి, గాసిపెటిన్ కోవ పదార్థాలుగా మార్చారు. పువ్వులోనూ ఆక్సీకరణ ఇదే వరసలో జరుగుతుందని వాదించారు. పదార్థం చేతికి వస్తే చాలదు, మొక్క దాన్ని ఎలా కట్టిందో తేలాలి. ఆయన దృష్టిలో సంశ్లేషణకు అర్థం అది.

రాబిన్సన్‌కే మరో శిష్యుడు కె. వెంకటరామన్. పుణే జాతీయ రసాయన ప్రయోగశాలలో ఆయన దగ్గర పరిశోధన చేసినవారు, 1935లో గుంటూరులో పుట్టిన ఆళ్ళ వెంకట రామారావు. వారి చేతికి బిళ్ళగన్నేరు వచ్చింది. అందులోని విన్‌బ్లాస్టిన్ క్యాన్సర్ మందని 1958లో కెనడాలో శాస్త్రవేత్తలు నోబుల్, బీర్ తేల్చారు. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ టన్ను ఎండుటాకుల్లో కొద్ది గ్రాములే. రెంటికీ తేడా అణువులో ఒక చిన్న సమూహం: నత్రజని మీది మిథైల్‌ను ఆక్సీకరించి ఫార్మైల్ చేస్తే విన్‌బ్లాస్టిన్ విన్‌క్రిస్టిన్ అవుతుంది. మొక్కలో ధారాళంగా ఉండే కేథరాంథిన్‌ను విండోలిన్‌తో మొక్క పద్ధతిలోనే జోడించే మార్గం 1970లలో ఫ్రాన్స్, కెనడాల్లో దొరికింది. ఈ రెండు మందులనూ మన దేశంలోనే తయారుచేసే పద్ధతిని రామారావుగారి బృందం రూపొందించగా, మందుల కంపెనీ సిప్లా మార్కెట్లోకి తెచ్చింది.

పసిపిల్లల రక్తక్యాన్సర్‌కు నేటికీ మొదటి నెలలోనే ఎక్కించే మందుల్లో విన్‌క్రిస్టిన్ ఒకటి.