వియన్నా వారసత్వం, చెన్నపట్నం గోడలు

మా మాస్టారి స్మారక సభలో యూరపు రాజవంశాల గురించి మాట్లాడతానంటే, చెన్నపట్నం రాయపురంలో ఆ గొడవ మనకెందుకని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. ఎందుకో చెబుతాను.

1740 అక్టోబరు 20న వియన్నాలో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి ఆరో చార్లెస్ కన్నుమూశాడు. మగపిల్లలు లేరు. రాజ్యం కూతురు మరియా థెరీసాకే దక్కాలని బతికుండగానే చాలామంది రాజుల చేత ఒప్పించుకున్నాడు. ఆయన పోయి రెండు నెలలు తిరక్కుండానే ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సైలీసియా మీద పడ్డాడు. ఫ్రాన్సు ఆమె శత్రువులతో చేరింది, ఇంగ్లండు ఆమెకు అండగా నిలిచింది.

ఆ తగువు 1746 సెప్టెంబరులో మన రేవుకొచ్చింది. ఫ్రెంచి నౌకాధిపతి లా బూర్దొనే నౌకలు కొద్ది రోజుల్లోనే సెయింట్ జార్జి కోటను లొంగదీశాయి. సొమ్ము పుచ్చుకుని పట్నం తిరిగిచ్చేద్దామని అతనూ, కుదరదని పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే. చివరికి డూప్లే మాటే నెగ్గింది. కోటను ఆనుకుని ఉన్న బ్లాక్ టౌన్ ఇళ్లను ఫ్రెంచివారు కూలగొట్టించారు. పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యంతో సరి. ఆ ఇళ్లలో ఉన్నది బట్టలు నేసి, అద్ది, అమ్ముకునే తెలుగు, తమిళ జనం. 1748 సంధిలో ఫ్రాన్సుకు ఉత్తర అమెరికాలోని లూయిబూర్ కోట, ఇంగ్లండుకు చెన్నపట్నం. ఇక్కడి వాళ్లను అడిగిన నాథుడు లేడు.

పట్నం చేతికొచ్చాక ఇంగ్లీషువాళ్లు మిగతా ఇళ్లనూ తీయించారు. 1757లో చెన్నకేశవస్వామి గుడి కూడా కోటకు అడ్డమైంది. ఇప్పుడు పూలబజారు దగ్గర మనం దణ్ణం పెట్టుకునే గుడి ఆ తర్వాత కట్టుకున్నది.

అయితే నేరమంతా పరాయి రాజులదే అంటే ఒప్పుకోను. 1614లో విజయనగర రాజు వెంకటపతిరాయలు పోగానే గొబ్బూరి జగ్గరాయడు కొత్త రాజు శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చంపించాడు. ఒక్క కుర్రవాడు రామదేవుడు మిగిలాడు. ఒక చాకలి అతణ్ణి బట్టల మూటలో దాచి కోట దాటించాడని జెస్యూట్ పాదిరి బరాదాస్ రాశాడు. వెలుగోటి యాచమనాయకుడు ఆ పిల్లవాడి పక్షాన నిలిచి తోపూరు యుద్ధంలో జగ్గరాయణ్ణి చంపాడు. గెలిచినా రాయల సంస్థానం చితికిపోయింది. ఎవరి బలం వాళ్లు చూసుకునే ఆ కాలంలోనే, 1639లో, దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఈ తీరం ఇచ్చాడు. పర్షియా నుంచి మంచి గుర్రాలు తెప్పించుకోవచ్చని ఆయన ఆశ. రాయల తగువు తలుపు తెరిస్తే, వియన్నా తగువు ఇంట్లోకి వచ్చింది.

ఏడేళ్ల యుద్ధంలో మళ్లీ అదే కథ. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ సేన, జనం తరలిన కొత్త బ్లాక్ టౌన్‌లో దిగి దోచుకుంది. ఫిబ్రవరిలో ఇంగ్లీషు ఓడలు కనపడేసరికి ముట్టడి ఎత్తేసింది. 1769లో హైదరలీ పట్నం గుమ్మం దాకా వచ్చాడు. అప్పుడు గానీ కంపెనీ కొత్త బ్లాక్ టౌన్ చుట్టూ గోడ పెట్టలేదు. దాని ఉత్తరపు ముక్క పాత జైలు రోడ్డు వైపు మాడిపూంగా అనే పార్కులో నేటికీ ఉంది. గోడకు ఆవల మిగిలిపోయింది రాయపురం. గోడ ఖర్చు మాత్రం లోపలి ఇళ్లవాళ్ల దగ్గర రాబట్టాలని కంపెనీ పన్ను తలపెట్టింది. వాల్‌టాక్స్ రోడ్డు ఆ పన్ను పేరు మీద వెలిసిందే.