పిడికెడు బియ్యం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



"దేవుడు సమకూరుస్తాడు" అని మా క్రైస్తవ కుటుంబాల్లో తరచూ అంటాం. ఎవరి చేత సమకూరుస్తాడన్నదే అసలు ప్రశ్న.

1912లో అభిషేకం పొందిన దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది కూలినాలి చేసుకునే పేదలు. ఉన్నదాంట్లోనే ఇవ్వడం ఆయన వారికి నేర్పారు. తల్లులు వంటకు బియ్యం కొలిచినప్పుడే ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. ఆ బియ్యం సంఘ పోషణకు చేరేది.

బైబిల్లో సారెపతు విధవరాలు కరువులో తన చివరి పిండితో మొదట ఏలీయాకే రొట్టె చేసి పెట్టింది. ఆమె తొట్టిలో పిండి తరగలేదు. అయితే ఈ కథ చెప్పి లేనివారి దగ్గర వసూలు చేయకూడదు. ఆకలితో ఉన్నవాడికి ఏమీ పెట్టకుండా "వెళ్ళు, తృప్తిగా ఉండు" అంటే ఏం లాభమని యాకోబు పత్రిక కూడా నిలదీస్తుంది. మన గాదె నిండుగా ఉండి, "దేవుడే చూసుకుంటాడు" అని పొరుగువాడితో అంటే అది విశ్వాసం కాదు.

మన డొంకరాయి నీళ్ళు ఇక్కడే ఆగిపోవు. కాలువ వెంట సాగి పొల్లూరులో కరెంటు అవుతాయి. మనకు అందిందీ అలాగే ముందుకు సాగాలి.

పది పాసై, పై చదువుకు డబ్బుల్లేక ఇంట్లోనే ఉండిపోయే పిల్లలు ఈ కొండల్లో ఉన్నారు. మీది ఏ మతమైనా సరే, జీతం అందిన రోజే వారికోసం ఒక పిడికెడు తీయండి. మిగిలితే వేద్దామనుకుంటే ఏ కుండా నిండదు.