డీజిలులో నీళ్ళు



అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. ఆ మొగలో ఇంజను ఆగితే బోటు అలలకు అడ్డం తిరుగుతుంది. ప్రాణాలకే ముప్పు.

ఇంజను ఎందుకు ఆగుతుంది? డీజిలులో నీళ్ళు చేరడం ఒక కారణం. నీళ్ళు డీజిలు కంటే బరువు. అడుగుకు దిగుతాయి. గుడ్డతో వడకడితే నలుసులు పోతాయి. నీళ్ళు పోవు. నీళ్ళు వేరుచేసే ఫిల్టరు కావాలి.

కొనేటప్పుడు మూడు సంగతులు అడగండి.

1. ఇంజనుకు సరిపడే సైజేనా?
2. అడుగు గిన్నెలో నీళ్ళు పైకి కనపడతాయా?
3. నీళ్ళు వదిలే కుళాయి ఉందా?

వేటకు పోయే ముందు ఆ నీళ్ళు డబ్బాలోకి తీయాలి. గోదావరిలో వదలకూడదు. కుళాయి మళ్ళీ గట్టిగా బిగించాలి.

ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా! ఫిల్టరు మార్చిన తేదీ రాసి పెట్టండి. మళ్ళీ ఎప్పుడు మార్చాలో సరంగుకు మీరే చెప్పండి.