ముంగిలికి వచ్చిన బడి



ఏ శిశువూ తన ఇంటిని ఎన్నుకొని పుట్టడు. అయినా తొలి ఐదారేళ్ళలో ఆ శిశువు ఎదుగుదలను చాలావరకు నిర్ణయించేది ఆ ఇంటి స్థితిగతులే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు ఎదగనివారు అత్యంత నిరుపేద కుటుంబాలలో నూటికి 46 మంది, అత్యంత సంపన్న కుటుంబాలలో 23 మంది. కలిమి ఉన్న ఇళ్ళలోనూ ఈ లోపం ఉన్నది. లేమి దానిని రెట్టింపు చేస్తున్నది.

చాలీచాలని తిండి, కలుషితమైన నీరు, మాటిమాటికీ వచ్చే విరేచనాలు పసివారి శరీరాన్ని కుంగదీస్తాయి. మాట, పాట, ఆట మెదడుకు అన్నం వంటివి. పొద్దు పొడవకముందే కూలికి వెళ్ళే తల్లికి కొరవడేది వాత్సల్యం కాదు, వ్యవధి.

ఈ సత్యాన్ని గుర్తించిన విద్యావేత్తలు తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్. మాంటిస్సోరీ విద్య నగరాలలోని సంపన్నుల బిడ్డలకే పరిమితం కారాదని 1945లో వారు మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో బాలవాడి ప్రారంభించారు. పేదవాడల పిల్లలు అక్కడికి రాలేదు. అప్పుడు వారు ఆ కుటుంబాలను నిందించలేదు; బడినే ఆ వాడల ముంగిళ్ళకు తీసుకొనిపోయారు. ఖరీదైన పరికరాల స్థానంలో గింజలు, ఆకులు, గులకరాళ్ళు బోధనోపకరణాలైనవి. ‘అంగన్’ అంటే ముంగిలి. అంగన్‌వాడీ అనే మాటకు మూలం ఇదే.

తరువాత కోస్‌బాడ్‌లో వార్లీ ఆదివాసుల మధ్య మరొక చిక్కు ఎదురయింది. పెద్దపిల్లలు బడికి రావాలంటే ఇంట్లో చంటిపిల్లలను ఎవరు చూడాలి? అందుకే శిశుసంరక్షణ గృహం, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడింటినీ ఒకే ఆవరణలో నెలకొల్పారు. పశువులను మేపే పిల్లలకోసం పాఠాలు పచ్చికబయళ్ళకు తరలివెళ్ళాయి.

1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఈ అంగన్‌వాడీని దేశమంతటికీ విస్తరింపజేసింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఆరు నెలలనుండి ఆరేళ్ళవరకు పిల్లలకు అక్కడ పోషకాహారాన్ని హక్కుగా చేసింది. కాని అన్నం వడ్డించినంత మాత్రాన పని పూర్తికాదు. కథ చెప్పే గొంతు, ఆడించే చేయి కూడా ఆ బిడ్డకు దక్కాలి.

విద్యార్థులారా! మీ ఊరి అంగన్‌వాడీకి ఒకసారి వెళ్ళిరండి. వచ్చిన పిల్లలను లెక్కించడంతో ఆగకండి. రాని పిల్లలెవరో, ఎందుకు రాలేదో విచారించండి. బోర్డీలో ఆ ఇద్దరు మహిళలు వేసుకొన్న ప్రశ్న అదే. మొక్కకు నీరు పోయవలసినది మొక్కగా ఉన్నప్పుడే కదా!