మన కార్యాలయపు వైఫై బాట భద్రమా?

(పూతలపట్టున పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



తిరుపతి నుండి వచ్చు రహదారి చిత్తూరు రహదారితో కలియుచోట మన పూతలపట్టు ఉన్నది. ఆ కూడలిలో ఎవరో రాత్రివేళ దారి చూపు బోర్డును త్రిప్పి పెట్టినారనుకొందము. క్రొత్తగా వచ్చిన లారీ డ్రైవరు దానిని నమ్మి వేరు త్రోవన పోవును. వైఫైలో జరుగు మోసము ఇట్టిదే.

2019 అక్టోబరు 2వ తేదీన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన పంచాయతీల ప్రణాళికలకు, లెక్కలకు ఈ-గ్రామ్ స్వరాజ్ వచ్చినది. పింఛనుదారుల వివరములు, ధ్రువపత్రముల దరఖాస్తులు, పంచాయతీ జమాఖర్చులు అన్నియు కంప్యూటరు ద్వారా పోవుచున్నవి. ఇందరి వివరములు పోవు బాటను పరీక్షించి చూచుట మన విధి.

ముందుగా ఆ బాట నడచు తీరు తెలిసికొందము. కార్యాలయములోని కంప్యూటర్లు, ఫోనులు అన్నియు రౌటరు అను ఒక్క వాకిలి గుండా బయటికి పోవలెను. ప్రతి యంత్రమును మొదట "ఆ వాకిలి ఎవరు?" అని అందరిని అడుగును. "నేనే" అని బదులు వచ్చినచో నమ్మును. 1982లో ఏర్పడిన ఈ పద్ధతిలో బదులు చెప్పినవారు నిజముగా వాకిలియేనా అని విచారించు ఏర్పాటు లేదు. కనుక అదే వైఫైలో చేరిన మరొక కంప్యూటరు "నేనే వాకిలి" అని చెప్పి, వచ్చిన సమాచారమును తాను చూచి, పిదప అసలు రౌటరునకు పంపగలదు. పని ఆగదు కనుక ఎవరికిని అనుమానము కలుగదు.

దొంగ చేయు ఈ పనినే, మన అనుమతితో, మన మేలు కొరకు చేసి చూచుట భద్రతా పరీక్ష. నిపుణుడు సమాచారమును కొంతసేపు తన కంప్యూటరు మీదుగా మళ్ళించి మూడు సంగతులు గమనించును. తాళము లేకుండ పోవుచున్నవి ఏవి? దారి మళ్ళిన సంగతిని రౌటరు పసిగట్టెనా? తెరపై హెచ్చరిక వచ్చినపుడు సిబ్బంది ఆగిరా, లేక "ముందుకు" అని నొక్కిరా? హెచ్‌టీటీపీఎస్ ఉన్న పుటలలోని విషయము మధ్యవారికి అర్థము కాదు. అయినను ఆ హెచ్చరికను లెక్కచేయనివారికి ఆ తాళము అక్కరకు రాదు.

అనుమతి లేకుండ ఇట్లు చేయుట నేరము. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43, 66 సెక్షన్ల క్రింద మూడేండ్ల వరకు ఖైదు గాని, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కావున ఉత్సాహవంతులైన యువకులు వచ్చి "చేసి చూపెదము" అన్నను, నోటిమాటతో ఒప్పుకొనరాదు.

పంచాయతీ చేయవలసినది ఇది. మొదట తీర్మానము చేయవలెను. పరీక్షించువారెవరు, ఏ తేదీన, ఏ గంటలలో, ఏ యంత్రములపై అన్నది వ్రాతలో ఉండవలెను. రౌటరు వేరొక శాఖదైనచో వారి అనుమతియు పొందవలెను. పని వేళలు ముగిసిన తరువాత, ప్రజల నిజమైన వివరములు లేని కంప్యూటరుపై పరీక్ష జరుపవలెను. ముగియగానే మళ్ళించిన దారిని యథాస్థితికి తెచ్చి, నివేదిక ఇచ్చి, లోపములు సవరించిన పిదప మరల పరీక్షింపవలెను.

పరీక్షకు ముందే చేయదగిన పనులును కలవు. వైఫై సంకేతపదమును గోడపై అంటించుట మానవలెను. దానిని ఎరిగినవారెవరైనను లోపలివారే యగుదురు. రౌటరుతో వచ్చిన సంకేతపదమును మార్చవలెను. వచ్చిపోవువారికి వేరు వైఫై, కార్యాలయమునకు వేరు వైఫై ఉండవలెను. 2018లో వచ్చిన డబ్ల్యుపీఏ3 రక్షణ రౌటరులో ఉన్నచో దానిని వాడవలెను. ఎవరికైనను డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

మన చెరువు నీరు ఏ మడికి ఎంత పారవలెనో చూచుటకు నీరుగంటిని నియమించుకొన్న పల్లెలు మనవి. తూము వద్ద కాపు లేనిదే చివరి మడికి నీరందదని మనకు ఎవరును నేర్పనక్కరలేదు. కార్యాలయపు రౌటరును అట్టి తూమే. వచ్చు సమావేశపు చర్చనీయాంశములలో ఈ పరీక్షను చేర్చవలసినదిగా సభ్యులందరిని కోరుచున్నాము.